రాయలసీమ కరెంటుకు ఎలాంటి ఎస్‌ఎంపీఎస్ నిలబడుతుంది?

క్లుప్తంగా: డెస్క్‌టాప్‌కు ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు పనికొచ్చే డీసీగా మార్చే డబ్బా) కొనేటప్పుడు అందరూ స్టిక్కర్ మీది వాట్లే చూస్తారు. కర్నూలు, అనంతపురం, కడప లాంటి చోట్ల అంతకన్నా ముందు చూడాల్సింది, గోడలోంచి వచ్చే కరెంటును అది ఎలా తట్టుకుంటుందనే విషయం. లో వోల్టేజీ, ఇన్వర్టర్ మార్పిడి, 42 డిగ్రీలు దాటే ఎండ, రాతి దుమ్ము, ఎండిపోయిన ఎర్తింగ్ గుంత, ఈ అయిదూ ఎస్‌ఎంపీఎస్ ఆయుష్షును నిర్ణయిస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ (బయటి వోల్టేజీ తగ్గినా లోపల నిలకడగా ఉంచే సర్క్యూట్), 100–240 ఓల్టుల ఇన్‌పుట్, 12 ఓల్టుల లైనులో సరిపడా ఆంపియర్లు, 105 డిగ్రీల వేడికి రేటింగ్ ఉన్న కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగాలు) ఉన్న 450–550 వాట్ల యూనిట్ ఇక్కడి ఇళ్లకు, షాపులకు చాలావరకు సరిపోతుంది.

ఎండలు ముదిరే కొద్దీ రిపేరు షాపుల్లో ఒకే రకం ఫిర్యాదులు పెరుగుతాయి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే సిస్టం రీస్టార్ట్ అవుతుంది. పొద్దున బటన్ రెండు మూడుసార్లు నొక్కితే గానీ లేవదు. గేమ్ పెట్టిన పది నిమిషాలకు ఉన్నట్టుండి ఆగిపోతుంది. క్యాబినెట్ తాకితే చేయి జిల్లుమంటుంది. ఇలాంటప్పుడు సాధారణంగా ర్యామ్ తీసి తుడిచి పెడతారు, విండోస్ మళ్లీ వేస్తారు. తప్పు అసలు ఎస్‌ఎంపీఎస్‌లో ఉందేమోనన్న అనుమానం చివరికి గానీ రాదు. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన వస్తువు కావడంతో దాన్నెవరూ విడిగా ఎంచుకుని ఉండరు.

లోపల జరిగే పని

గోడ ప్లగ్గు నుంచి వచ్చేది 230 ఓల్టులు, 50 హెర్ట్జ్ ఏసీ. ఎస్‌ఎంపీఎస్ ముందు దాన్ని డీసీగా మార్చి ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపుతుంది. తర్వాత ఆ డీసీని సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి 12, 5, 3.3 ఓల్టులుగా తయారు చేస్తుంది. నేటి సిస్టంలలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 ఓల్టుల లైను మీదే నడుస్తాయి. మిగతా లైన్ల మీద భారం తక్కువ.

డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 ఓల్టుల లైను 11.4కు తగ్గకూడదు, 12.6 దాటకూడదు. దాని మీది అలలు, అంటే రిపుల్, 120 మిల్లీఓల్టుల లోపు ఉండాలి. మామూలు మల్టీమీటర్‌కు ఓల్టులు అందుతాయి గానీ రిపుల్ అందదు. మీటర్‌లో 12.1 కనిపించినా సిస్టం హ్యాంగ్ అవుతుంటే, చెడిన కెపాసిటర్ల వల్ల పెరిగిన రిపుల్ ఒక కారణం కావచ్చు.

లో వోల్టేజీ అసలు చేసే నష్టం

బోరు మోటార్లు, ఇళ్లు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న చోట్ల పగటిపూట వోల్టేజీ 180కి, కొన్నిసార్లు ఇంకా కిందికి పడిపోతుంది. అనంతపురం జిల్లాలో బోర్లు లోతైనవి. సబ్‌మెర్సిబుల్ మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుగా లాగే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. పైగా చాలా బోర్లకు ఆటో స్టార్టర్లు ఉంటాయి. కరెంటు పోయి తిరిగి రాగానే మోటార్లన్నీ దాదాపు ఒకేసారి లేస్తాయి, ఆ కాసేపూ వోల్టేజీ అట్టడుగున ఉంటుంది. సరిగ్గా అప్పుడే సిస్టం ఆన్ చేయడం ఎస్‌ఎంపీఎస్‌కు పెద్ద పరీక్ష. కరెంటు వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగితే ఆ పరీక్ష తప్పుతుంది.

చవక రకం ఎస్‌ఎంపీఎస్‌లో పీఎఫ్‌సీ సర్క్యూట్ ఉండదు. వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉందంటే చాలావరకు అది ఈ రకమే. ఇందులో కెపాసిటర్ ఏసీ శిఖరం వరకే నిండుతుంది. 230 ఓల్టులకు ఆ శిఖరం 325. 180 ఓల్టులకు 255. కెపాసిటర్‌లో నిల్వ ఉండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి నష్టం కనిపించే దానికన్నా చాలా ఎక్కువ. పైపై లెక్క ఒకటి చూద్దాం. 330 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు రెండు వరుసగా ఉంటే కలిపి 165 మైక్రోఫారడ్లు. గోడ నుంచి 150 వాట్లు లాగే సిస్టం, 200 ఓల్టుల డీసీ వరకు పనిచేయగల ఎస్‌ఎంపీఎస్ అనుకుంటే, 230 ఓల్టుల ఇన్‌పుట్‌లో కరెంటు పోయాక అది దాదాపు 36 మిల్లీసెకన్లు సిస్టంను నిలబెడుతుంది. 180 ఓల్టుల్లో నిలబెట్టేది 14 మిల్లీసెకన్లే. వోల్టేజీ అయిదో వంతు తగ్గితే ఊపిరి సగానికి పైగా తగ్గింది. యూపీఎస్ బ్యాటరీకి మారడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, సిస్టం ఎందుకు ఒకసారి నిలబడి మరోసారి రీస్టార్ట్ అవుతుందో ఈ లెక్కలో తెలిసిపోతుంది. కెపాసిటర్లు పాతబడి సామర్థ్యం తగ్గితే ఆ 14 కూడా మిగలవు.

యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న యూనిట్‌లో ముందు ఒక బూస్ట్ సర్క్యూట్ ఉంటుంది. లోపలికి 230 వచ్చినా 170 వచ్చినా కెపాసిటర్ దగ్గర సుమారు 380–400 ఓల్టులు నిలకడగా ఉంచుతుంది. స్టిక్కర్ మీద 100–240 ఓల్టులు అని ఉంటే లో వోల్టేజీకి వేరే స్టెబిలైజర్ అక్కర్లేదు. రిలే రకం స్టెబిలైజర్ ట్యాప్ మారే ప్రతిసారీ క్షణకాలం సరఫరా తెగుతుంది కాబట్టి అది ఒక్కోసారి అదనపు తలనొప్పి కూడా. 200–240 అని మాత్రమే రాసి ఉన్న యూనిట్లు కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీతోనే వస్తాయి. పల్లెల్లో అవి వద్దు.

దీనికీ మూల్యం ఉంది. గోడ నుంచి 300 వాట్లు లాగే సిస్టంకు 230 ఓల్టుల దగ్గర 1.3 ఆంపియర్లు చాలు, 160 ఓల్టుల దగ్గర 1.9 కావాలి. ఇన్‌పుట్ వైపు భాగాల నిరోధంలో పుట్టే వేడి రెట్టింపవుతుంది. లో వోల్టేజీ రోజూ ఉండే చోట ఎస్‌ఎంపీఎస్‌ను అంచుల దాకా లోడు చేయకూడదనడానికి కారణం ఇదే.

హై వోల్టేజీ, పోయి వెంటనే వచ్చే కరెంటు

లో వోల్టేజీ సిస్టంను ఆపుతుంది. హై వోల్టేజీ చంపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజు ఇళ్లకు 230కి బదులు 300, 350, ఒక్కోసారి 400 దాకా రావచ్చు. 280 ఓల్టుల ఏసీ శిఖరం 396. చవక యూనిట్లలో వరుసగా పెట్టే 200 ఓల్టుల కెపాసిటర్లు రెండింటికీ కలిపి హద్దు 400. ఆ పైన అవి ఉబ్బి పేలతాయి. మంచి యూనిట్‌లో ఇన్‌పుట్ దగ్గర ఎంఓవీ అనే బిళ్ల ఉంటుంది. వోల్టేజీ హద్దు మీరగానే అది కరెంటును తన గుండా పోనిచ్చి ఫ్యూజు కాలేలా చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ పోయినా మదర్‌బోర్డు మిగులుతుంది. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో ఒక గదిలో లైట్లు మరీ వెలుగుతూ మరో గదిలో మందగిస్తే అది న్యూట్రల్ సమస్యే. సిస్టం ప్లగ్గు పీకేసి 1912కు ఫిర్యాదు చేయాలి.

వానాకాలానికి ముందు గాలివానల్లో కరెంటు పోవడం, రెండు సెకన్లలో రావడం, మళ్లీ పోవడం మామూలే. దీని దెబ్బ వేరు. ఖాళీ కెపాసిటర్ నిండే క్షణంలో విపరీతంగా కరెంటు దూసుకురాకుండా ఎన్‌టీసీ అనే భాగం అడ్డుకుంటుంది. అది చల్లగా ఉన్నప్పుడే అడ్డుకోగలదు. నడుస్తున్న సిస్టంలో అది వేడెక్కి ఉంటుంది, చల్లారడానికి అర నిమిషమైనా కావాలి. రెండు సెకన్లలో కరెంటు తిరిగొస్తే ఆ అడ్డు దాదాపు లేనట్టే. ఫ్యూజులు, డయోడ్ బ్రిడ్జిలు పోయేది, స్విచ్ బోర్డులో చిటపటలు వచ్చేది అందుకే. గాలివాన మొదలైతే ప్లగ్గు తీసేయడం కన్నా చవకైన రక్షణ లేదు.

ఇన్వర్టర్, యూపీఎస్‌తో పొసగడం

ఇళ్లలో ఉన్న పాత ఇన్వర్టర్లలో చాలావరకు స్క్వేర్ వేవ్ రకం, అంటే గోడ కరెంటులా నున్నటి అల (సైన్ వేవ్) కాకుండా మెట్టులా ఎగిరి పడే అల ఇచ్చేవి. ఫ్యాన్లు, లైట్లు వాటితో నడుస్తాయి. ఎస్‌ఎంపీఎస్‌కు మాత్రం ఇబ్బంది. స్క్వేర్ వేవ్ శిఖరం దాని సగటుకు దగ్గరగానే, 230 చుట్టుపక్కల ఉంటుంది. సైన్ వేవ్ ఇచ్చే 325 అందులో లేదు. పీఎఫ్‌సీ లేని యూనిట్‌కు ఇది నిరంతర లో వోల్టేజీతో సమానం. యాక్టివ్ పీఎఫ్‌సీ యూనిట్‌కు మరో రకం చిక్కు. దాని కంట్రోల్ సర్క్యూట్ సైన్ ఆకారాన్ని అనుసరించి కరెంటు లాగేలా తయారైంది. మెట్లు మెట్లుగా వచ్చే వేవ్‌లో కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, చిన్న యూపీఎస్ దాన్ని ఓవర్‌లోడ్ అనుకుని ఆగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చాక యూపీఎస్ మీద సిస్టం నిలవడం లేదన్న ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ లేదా యూపీఎస్ దీనికి శాశ్వత పరిష్కారం. అది వీలుకాకపోతే యూపీఎస్ సామర్థ్యం లోడుకు రెట్టింపు ఉండేలా చూసుకోవాలి. 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇచ్చేది 360 వాట్ల దగ్గరే. గ్రాఫిక్స్ కార్డున్న సిస్టంకు 1 కేవీఏ కన్నా తక్కువ పనికిరాదు.

ఇన్వర్టర్ వెనక యూపీఎస్, నార్మల్ అని రెండు మోడ్‌ల స్విచ్ ఉంటుంది. కొన్నిటిలో నార్మల్‌కు బదులు ఈకో అని రాస్తారు. నార్మల్‌లో మార్పిడి నిదానం, సిస్టం రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో త్వరగా మారుతుంది. కానీ ఆ మోడ్‌లో సుమారు 180 ఓల్టుల కింద ఏమొచ్చినా కరెంటు లేనట్టే లెక్కగట్టి బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. లో వోల్టేజీ ఊళ్లలో దీంతో బ్యాటరీ పగలంతా కరిగి, అసలు కరెంటు పోయేసరికి ఖాళీగా ఉంటుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ను నార్మల్‌లో ఉంచి, సిస్టం ఒక్కదానికి చిన్న యూపీఎస్ విడిగా పెట్టడం మేలు. ఇన్వర్టర్ ఏ వేవ్ ఇస్తుందో మాత్రం ముందు తెలుసుకోవాలి. స్క్వేర్ వేవ్ వెనక పెట్టిన యూపీఎస్‌లు కొన్ని దాన్ని కరెంటుగా ఒప్పుకోక బ్యాటరీ మీదే ఉండిపోతాయి.

ఎండ, దుమ్ము

వేసవిలో కర్నూలు, నంద్యాల, కడప వైపు ఉష్ణోగ్రత 42–45 డిగ్రీలకు చేరుతుంది. రేకుల షెడ్డులోని జిరాక్స్ సెంటర్‌లోనో, పై అంతస్తు స్టూడియో గదిలోనో గాలే 40 డిగ్రీలుంటే క్యాబినెట్ లోపల 50 దాటడం వింత కాదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విషయంలో ఒక లెక్క ఉంది: పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలకు రేటింగ్ ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలుస్తుంది. అదే 2,000 గంటలు 85 డిగ్రీల దగ్గర అని రాసి ఉంటే 65 దగ్గర 8,000 గంటలే. రోజుకు పది గంటలు నడిచే షాపులో మొదటిది ఎనిమిదేళ్లు దాటుతుంది, రెండోది రెండేళ్లకు కాస్త పైన.

స్టిక్కర్ మీది వాట్లు ఏ ఉష్ణోగ్రతకో కూడా చూడాలి. మంచి కంపెనీలు 40 లేదా 50 డిగ్రీల దగ్గర పూర్తి లోడు అని రాస్తాయి. చవక యూనిట్లు ఏమీ రాయవు. 25 డిగ్రీలకు చెప్పిన 500 వాట్లను ఏప్రిల్, మే నెలల్లో 500గా లెక్కపెట్టకూడదు.

బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి పాలిషింగ్ యూనిట్లు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. అక్కడి దుమ్ము మెత్తగా పట్టేస్తుంది. ఫ్యాన్ రెక్కల మీద, హీట్‌సింక్ మీద పేరుకుంటే గాలి ఆడదు. క్యాబినెట్ అడుగున జాలి ఉన్నది ఎంచుకుని, ఫ్యాన్ కిందికి చూసేలా ఎస్‌ఎంపీఎస్ బిగించి, నెలకోసారి జాలి దులిపితే చాలావరకు ఆగుతుంది. నేల మీద పెట్టిన క్యాబినెట్ అయితే నాలుగు అంగుళాల ఎత్తు బల్ల మీదికి మార్చాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే విపరీత వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పడం మాత్రం ఎవరూ ఇంట్లో చేయకూడదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్ ప్రాణం తీసేంత చార్జితో ఉండగలదు.

ఎన్ని వాట్లు కావాలి?

టైపింగు, ట్యాలీ, మీసేవ పనులకు వాడే కోర్ ఐ3, ఐ5 సిస్టం గ్రాఫిక్స్ కార్డు లేకుండా గట్టిగా పనిచేసినా 100–150 వాట్లు దాటడం అరుదు. నిజమైన 300 వాట్లు చాలు. కార్డు ఉన్నప్పుడు లెక్క మారుతుంది. కోర్ ఐ5 12400 గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి 50 వాట్లు. మొత్తం 282. దీనికి సగం కలిపితే 423. 450 సరిపోతుంది, 550 నిశ్చింత. ఆల్బమ్ డిజైనింగు, వీడియో ఎడిటింగు చేసే స్టూడియోలో ఆర్‌టీఎక్స్ 4070 లాంటి 200 వాట్ల కార్డు పెడితే 650కి వెళ్లాలి. ఎక్కువ వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెడితే బిల్లు పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. సిస్టం అడిగినంతే అది ఇస్తుంది.

సగం కలపమనేది ఊరికే కాదు. గ్రాఫిక్స్ కార్డు చెప్పిన వాట్లకు దాదాపు రెట్టింపు శక్తిని మిల్లీసెకను కన్నా తక్కువ సమయం లాగి వదిలేస్తుంటుంది. బలహీనమైన ఎస్‌ఎంపీఎస్ దాన్ని షార్ట్ అనుకుని ఆఫ్ అవుతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ క్షణిక లోడులను తట్టుకోవడానికి నిబంధనలు పెట్టింది. 2023 నాటి 3.1 పెద్ద కార్డుల 16 పిన్ కనెక్టర్‌ను సవరించింది. ఆ కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోతే పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది కాబట్టి, చప్పుడు వినిపించేదాకా నొక్కి, మొదట్లోనే వంచకుండా ఉంచాలి.

ఇక స్టిక్కర్. పెద్ద అక్షరాల 450 పక్కన పెట్టి చిన్న పట్టికలో 12 ఓల్టుల వరుస చదవాలి. అక్కడ 16 ఆంపియర్లు ఉంటే 16ను 12తో గుణించి 192 వాట్లు. ప్రాసెసర్‌కు, కార్డుకు అందేది ఆ 192 మాత్రమే. మిగతా వాట్లు ఎవరికీ అక్కర్లేని 5, 3.3 ఓల్టుల లైన్లలో చూపించినవి. నిజమైన 550 వాట్ల యూనిట్‌లో 12 ఓల్టుల దగ్గర 44–45 ఆంపియర్లు ఉంటాయి. 12V1, 12V2 అని రెండు వరుసలుంటే వాటిని కూడకూడదు. కలిపి ఇచ్చే గరిష్ఠం విడిగా రాసి ఉంటుంది, అదే లెక్క.

80 ప్లస్ ముద్ర చెప్పేది, చెప్పనిది

80 ప్లస్ పరీక్ష సామర్థ్యాన్ని, అంటే గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత శాతం సిస్టంకు అందుతుందో, కొలుస్తుంది. 230 ఓల్టుల దగ్గర సగం లోడులో బ్రాంజ్‌కు 88 శాతం, గోల్డ్‌కు 92 శాతం ఉండాలి. 150 వాట్ల సిస్టం రోజుకు ఆరు గంటలు నడిస్తే ఈ రెండింటి తేడా ఏడాదికి సుమారు 16 యూనిట్ల కరెంటు. బిల్లు కోసం గోల్డ్ కొనడం గిట్టదు. వేడి మాత్రం గోల్డ్‌లో తక్కువ, 20 వాట్లకు బదులు 13 వాట్లు. ఏసీ లేని గదిలో రోజంతా నడిచే సిస్టంకు ఆ కారణంతో కొనవచ్చు. ఆ పరీక్ష గది ఉష్ణోగ్రత 23 డిగ్రీల దగ్గర జరుగుతుంది, రిపుల్‌ను, ఎంఓవీని, కెపాసిటర్ల నాణ్యతను పట్టించుకోదు. ముద్ర ఉన్నంత మాత్రాన మంచిదని కాదు గానీ, ముద్ర కూడా లేనిది కొనడానికి ఏ కారణమూ కనిపించదు.

సెకండ్‌హ్యాండ్ బ్రాండెడ్ సిస్టంలు

డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు సిస్టంలు రీఫర్బిష్డ్‌గా కోచింగ్ సెంటర్లలో, ఇళ్లలో ఎక్కువయ్యాయి. వీటి ఎస్‌ఎంపీఎస్ తరచూ 180–260 వాట్లది, నాణ్యతలో చవక 450 కన్నా నయం. కొత్త తరాల మోడళ్లు చాలావాటిలో మామూలు 24 పిన్ కనెక్టర్ ఉండదు, డబ్బా కొలత కూడా వేరు. పోతే అదే మోడల్‌ది వెతకాలి, లేదా ఆ మోడల్‌కే సరిపోయే కన్వర్టర్ వైరు కావాలి. గ్రాఫిక్స్ కార్డు పెట్టాలంటే స్లాటు నుంచే గరిష్ఠంగా 75 వాట్లు తీసుకునే, వేరే పవర్ వైరు అడగని కార్డుకే పరిమితం కావాలి.

ఎర్తింగ్

క్యాబినెట్ తాకితే జిల్లుమనడానికి లీకేజీ లోపమే కారణం కానక్కర్లేదు. ఇన్‌పుట్ ఫిల్టర్‌లో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు డబ్బాకు కలిసి ఉంటాయి. ఎర్తు లేకపోతే డబ్బా మీద 230లో సగం, అంటే 115 ఓల్టుల దాకా తేలుతుంది. కరెంటు మిల్లీఆంపియరు లోపే, మనిషికి సాధారణంగా ప్రమాదం లేదు. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పోర్టులకు మాత్రం ఉంది, టీవీకో ప్రింటరుకో వైరు తగిలించేటప్పుడు అవి కాలతాయి. మల్టీమీటర్‌తో ఫేజు, ఎర్తు మధ్య 230కి దగ్గరగా రావాలి. న్యూట్రల్, ఎర్తు మధ్య రెండు మూడు ఓల్టులు మించకూడదు. కొద్ది అడుగుల కిందే రాతి పొర ఉన్న నేలల్లో, వేసవిలో తేమ ఇంకిపోయినప్పుడు ఎర్తింగ్ గుంత పనిచేయడం మానేస్తుంది. బొగ్గు, ఉప్పు నింపి వారానికోసారి నీళ్లు పోయాలి. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను విరిచి వాడటం మానుకోవాలి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

చేతిలో పట్టుకుంటే మరీ తేలిగ్గా ఉన్నది అనుమానించదగ్గదే. ఫిల్టర్ కాయిల్సు, హీట్‌సింకు సరిగా పెట్టకుండా వదిలేస్తేనే అంత బరువు తగ్గుతుంది. వైర్ల మీద మందాన్ని తెలిపే 18 ఏడబ్ల్యూజీ అన్న గుర్తు ఉందో చూడాలి. సంఖ్య పెరిగితే వైరు సన్నం. ప్రాసెసర్‌కు 8 పిన్, కార్డుకు కావాల్సినన్ని 8 పిన్ కనెక్టర్లు ఉండాలి. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల కనెక్టర్) నుంచి కార్డుకు కన్వర్టర్ పెట్టే పని ఒప్పుకోకూడదు. వైర్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ యూనిట్ మారిస్తే పాత వైర్లు కూడా మార్చాలి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకం కాబట్టి, పాత వైరు కొత్త యూనిట్‌కు దిగినా హార్డ్‌డిస్కుకు 5 ఓల్టుల చోట 12 వెళ్లి కాలిపోవచ్చు.

పచ్చ వైరును నల్ల వైరుతో కలిపి ఫ్యాన్ తిరగడం చూపించి బాగుందని చెబితే అది పరీక్ష కాదు. లోడు లేనప్పుడు చెడిన యూనిట్ కూడా తిరుగుతుంది. సిస్టం గట్టిగా పనిచేస్తుండగా 12 ఓల్టుల పసుపు వైరు దగ్గర కొలవాలి. 11.4 కన్నా కిందికి జారితే తిప్పి ఇచ్చేయాలి. యూపీఎస్‌కు తగిలించి, లోడులో ఉండగానే గోడ స్విచ్ అయిదారు సార్లు నిమిషం ఎడంతో ఆపి చూడాలి. ఒక్కసారి రీస్టార్ట్ అయినా ఆ జోడీ పొసగనట్టే. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి, డబ్బా మీది వారంటీ స్టిక్కర్ చింపకూడదు. మూడు నుంచి అయిదేళ్ల వారంటీ ఉన్న యూనిట్‌కే ఖర్చు పెట్టాలి. పిడుగు, హై వోల్టేజీ వల్ల కాలినవాటికి వారంటీ వర్తించదని షరతుల్లో ఉండటం మామూలు కాబట్టి, ఆ భాగం కొనేముందే చదువుకోవాలి.